మూతకో పిడి

నీలిరంగు పూసిన ఇనప బద్దను మెషీను బెడ్ మీద బోర్లించి, రెండు చేతులతో అటూ ఇటూ ఒకసారి జరిపి, నిద్రపోతున్న పిల్లను ఉయ్యాల్లోంచి తీసినంత జాగ్రత్తగా ఎత్తి పక్కన పెట్టాడాయన. బెడ్ మీద అక్కడక్కడా నీలం చుక్కలు అంటుకున్నాయి. చుక్క పడినచోట ఇనుము కాస్త ఎత్తున్నట్టు. ఆ ఎత్తుని గీకుడు ఉలితో గీకాలి. గీకాక మళ్లీ రంగు, మళ్లీ బద్ద, మళ్లీ చుక్కలు. చుక్కలు బెడ్ పొడుగునా సమంగా, వత్తుగా పరుచుకుంటే అది తిన్నగా ఉన్నట్టు లెక్క. ఆ లెక్కన ఆ బెడ్ తిన్నగా తయారై చాలా ఏళ్లయింది. అయినా ఆయన ముక్కు ఇనుముకి ఆనేంతగా వంగి, ఒక కన్ను మూసి చూసి, ఎవరూ అడక్కపోయినా "ఇంకొంచెం" అన్నాడు.

ఫ్యాక్టరీలో ఆ మాటే ఆయనకి పేరైపోయింది. జీతాల గుమాస్తాకి తప్ప అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. "ఇంకొంచెం వచ్చాడా?", "స్పానర్ ఇంకొంచెం దగ్గరుందేమో అడుగు" అని అందరూ మామూలుగానే అంటారు. కొత్తగా చేరినవాళ్లు కొన్నాళ్లు నవ్వుకుంటారు, తర్వాత వాళ్లూ అలాగే పిలుస్తారు.

అది ఇంట్లో వెనక గది. కట్టినవాడు పడకగది అనుకుని కట్టాడు. ఈయన దాని నడుమ లేతు మెషీను పెట్టాడు. తిరిగే లోహాన్ని టూలుతో చెక్కి గుండ్రంగా తయారుచేసే మెషీను అది. టూలుని మోసే సాడిల్ దాని బెడ్ మీద అటూ ఇటూ జరుగుతుంది. మనిషి కాళ్లు చాపి పడుకుంటే ఎంత పొడుగుంటాడో అంత పొడుగుంది. కొన్నది కాదు. పోత పోయించి, చెక్కి, తొలిచి, ఒక్కొక్క ముక్కా తన చేత్తో చేసుకున్నది. దానికి అటు గోడవార మంచం, ఇటు పనిముట్ల బీరువా. ఆ మధ్యలో నడవాలంటే పొట్ట లోపలికి పీల్చుకుని పక్కకి తిరగాలి. మోటారు కొస అడ్డం రావడంతో కిటికీ రెక్క తెరుచుకోవడం ఏనాడో మానేసింది. గదిలో ఎప్పుడూ నూనె, ఇనప రజను కలిసిన వాసన. ఆ వాసన దుప్పట్లకి పట్టింది, దిండ్లకి పట్టింది, చివరికి ఆయన భార్య జుట్టుకీ పట్టింది. మొదట్లో ఆవిడ విసుక్కునేది. ఈమధ్య ఆ వాసన లేనిచోట తనకి నిద్ర పట్టడంలేదని చెప్పి నవ్వింది. ఆ నవ్వు ఆయనకి నచ్చలేదు.

వంటింట్లో ఏదో కిందపడి చాలాసేపు తిరిగి ఆగిన చప్పుడైంది. మూత. ఆ మూత చప్పుడు ఆయనకి అలవాటే. పెద్ద గిన్నె మీద పెట్టే మందపాటి మూత అది. దాని నడిమిన ఉండాల్సిన పిడి ఎప్పుడో విరిగిపోయింది. పిడి ఉన్నచోట మరలున్న చిన్న బెజ్జం మిగిలింది. బెజ్జంలోంచి ఆవిరి బుస్సుమని కొడుతుంటే, ఆవిడ చెంచా కొసతో మూత అంచు లేపి, గుడ్డతో పట్టుకుని, ఊదుకుంటూ తీస్తుంది. ఒక్కోసారి జారుతుంది.

ఆయన చేతులు తుడుచుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. కుడి బొటనవేలి నీలం ఎంత తుడిచినా పోదు. ఆవిడ వేళ్లు నీళ్లలో పెట్టుకుని నిలబడి ఉంది.

"కాలిందా?"

"కొత్తా ఏంటి?" అంది. తర్వాత టీ గ్లాసు ఆయన ముందుకి జరిపి, "సాయంత్రం తమ్ముడొస్తాడు. గది సంగతి ఇవాళ తేల్చి చెప్పమన్నాడు" అంది.

"ఊఁ."

"ఊఁ అంటే ఏమనుకోవాలి? వాడు మీ మెషీను కోసమే ఖాళీగా పెట్టుకు కూర్చున్నాడు. రోడ్డు మీది గది. అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారట. ఇంక ఆగలేనన్నాడు."

"సాడిల్ దగ్గర ఇంకొంచెం పనుంది."

ఆవిడ పోట్లాడలేదు. పోట్లాడి ఉంటే ఆయన దగ్గర సమాధానాలు బోలెడున్నాయి. ఆవిడ ఆ మూతని గుడ్డతో తుడిచి, పాత న్యూస్ పేపర్లో చుట్టి, ఆయన సంచిలో భోజనం డబ్బా మీద పెట్టింది.

"ఇదెందుకు?"

"ఫ్యాక్టరీలో ఎవరిచేతైనా దీనికో పిడి చేయించుకురండి. ఎన్నాళ్లని చేతులు కాల్చుకోను?"

సబ్బు అయిపోయింది, వచ్చేటప్పుడు తెమ్మన్నంత మామూలుగా అంది. కానీ ఆ పిడికి ఒక చరిత్ర ఉంది. ఇనుము కొలిమిలో కూడా పడని రోజుల్లో, ఆవిడ మొదటిసారి వేలు కాల్చుకున్నప్పుడు, ఆయన మాటిచ్చాడు. "మెషీను తిరిగిన రోజున దాని మీద మొట్టమొదటి పని నీ మూతకి పిడి. ఆ మర్నాడు ఫ్యాక్టరీకి దణ్ణం పెట్టేస్తాను." ఆవిడతో అని ఊరుకుంటే సరిపోయేది. బావమరిదితో అన్నాడు, తోటివాళ్లతో అన్నాడు, ఒకసారి టీ కొట్టు దగ్గర ఫోర్‌మన్‌తో కూడా అన్నాడు. అందరూ విన్నారు. అప్పట్నుంచి ఆవిడ ఇంకో మూత కొనలేదు, పిడి కోసం ఎవర్నీ అడగలేదు. ఇవాళ అడిగింది.

సంచి భుజాన వేసుకుని ఆయన బయటికి నడిచాడు. దారి పొడుగునా మూత అంచు నడుముకి తగులుతూనే ఉంది.

ఫ్యాక్టరీలో ఆయన పని కాప్‌స్టన్ మీద. అదీ ఒకరకం లేతు మెషీనే, కానీ దాని మీద ఆలోచన అక్కర్లేదు. ముందే బిగించిన టూళ్లుంటాయి. ఒక్కో టూలు ఎంతదూరం పోవాలో అంతదూరంలో ఒక స్టాపు బిగించి ఉంటుంది. హ్యాండిల్ తిప్పితే టూలు వెళ్లి స్టాపుకి కొట్టుకుని ఆగుతుంది. ఆగాక వెనక్కి. రెండో టూలు, మూడో టూలు, నాలుగో టూలు. పంపుల్లో వేసే బుష్షు ఒకటి పళ్లెంలో పడుతుంది. మళ్లీ మొదటి టూలు. మనిషి కావాలనుకున్నా స్టాపు దాటి వెంట్రుకవాసి ముందుకి పోలేడు. చేరిన కొత్తలో ఆయనకి ఇది అవమానంగా ఉండేది. కొలతల మనిషిని తీసుకొచ్చి హ్యాండిల్ తిప్పే పనిలో పెట్టారని ఉడికిపోయేవాడు. ఆ ఉడుకులోంచే సొంత మెషీను ఆలోచన పుట్టింది. తర్వాత ఉడుకు తగ్గింది, చేయి మాత్రం తిరుగుతూనే ఉంది. పెళ్లిలో కూర్చున్నా, బస్సులో కూర్చున్నా, ఒళ్లో పెట్టుకున్న కుడిచెయ్యి ఉండుండి చిన్నగా మెలి తిరిగి వెనక్కి వస్తుంది. అది ఆయనకి తెలియదు, ఆవిడకి తెలుసు.

ఇవాళ హ్యాండిల్ బరువుగా ఉన్నట్టనిపించింది. ఎడమ భుజం కింద ఏదో పట్టేసింది. రాత్రి అడ్డదిడ్డంగా పడుకున్నాననుకున్నాడు. చేయి మార్చి తిప్పుతూ మూత గురించి ఆలోచించాడు, మూత గురించి ఆలోచిస్తే బెడ్ గుర్తుకొచ్చింది.

ఆ బెడ్ కోసం ఆయన పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. ముందు చెక్కతో దాని నమూనా చేశాడు. ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది గనక నమూనా ఆ మేరకు పెద్దదిగా ఉండాలి. ఆ లెక్క తప్పి ఒకసారి, నమూనా మూసలోంచి ఊడిరాక ఒకసారి, మొత్తానికి మూడోసారి పోతపని మేస్త్రి కొలిమిలో మిగిలిన ఇనుముతో పోసిచ్చాడు. కొత్త పోతలో బిగువుంటుంది. తొందరపడి చెక్కితే తర్వాతెప్పుడో తనంతట తానే వంకర తిరుగుతుంది. అందుకని దాన్ని డాబా మీద ఎండకీ వానకీ వదిలేశాడు. ఆవిడ దాని మీద తడిబట్టలు ఆరేసేది. అప్పుడు బడికెళ్తున్న కూతురు దాన్నే బల్ల చేసుకుని లెక్కలు చేసుకునేది. "మగ్గిందా?" అని పండు గురించి అడిగినట్టు ఆవిడ అడిగేది. "ఇంకొంచెం" అనేవాడు. ఆ మాట అప్పుడు నిజం. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. డాబా మెట్ల మీంచి ఆ ఇనుముని కిందికి దింపిన రోజున ఆవిడ చీర కొంగు నడుముకి దోపుకుని తనూ ఓ పట్టు పట్టింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆయన ఎవరికీ చెప్పలేదు గనక మనమే చెప్పుకోవాలి. ఆ మెషీను ఒకసారి తిరిగింది.

కూతురికి పెళ్లయి వెళ్లిన తర్వాతి ఏడాది. ఆవిడ వాళ్ల అక్కగారింటికి వెళ్లింది. సెలవు రోజు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేరు. అన్ని ముక్కలూ బిగించాక ఊరికే చూద్దామని స్విచ్ వేశాడు. మెషీను గొంతెత్తకుండా తిరిగింది. ఆయన ఊపిరి బిగబట్టి ఇత్తడి కడ్డీ ముక్క ఒకటి బిగించి, టూలు ఆనించాడు. ఇత్తడి బంగారు చుట్టలు చుట్టలుగా లేచి జారింది. ఎక్కడా వణుకు లేదు. చూస్తుండగా చేతిలో ఒక పిడి తయారైంది. కింద సన్నని మెడ, పైన రెండు వేళ్లు పట్టేంత బుడిపె, చుట్టూ జారకుండా గాడి. మూత బెజ్జం కొలిచి, దానికి సరిపడా మర కూడా వేశాడు. ఆయన జీవితంలో అంత మంచి పని అంతకుముందు చెయ్యలేదు.

స్విచ్ తీసేశాడు. గదిలో చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆయనకి రేపు కనిపించింది. రేపు సైరన్ ఉండదు. స్టాపు ఉండదు. ఎవరో ఒకాయన గుమ్మంలోకొచ్చి విరిగిన ముక్క చేతిలో పెట్టి, ఇలాంటిది చేసిపెట్టమంటాడు. చేసిస్తే, సరిగ్గా లేదని తిరిగొస్తాడు. ఫ్యాక్టరీలో బుష్షు పాడైతే డ్రాయింగు తప్పు, మెషీను తప్పు, ఫోర్‌మన్ తప్పు. ఇక్కడ ఎవరి తప్పు? నెపం వెయ్యడానికి కూడా ఇంకో మనిషి ఉండడు. ఆయనకి భయమేసింది. మనిషికి చెప్పుకోదగ్గ భయం కాదు అది. చిన్న పిల్లాడు బడి గుమ్మంలో నిలబడి వెనక్కి చూసుకునే భయం.

సాయంత్రానికల్లా మెషీను విప్పేశాడు. సాడిల్‌ని నడిపే పొడుగాటి స్క్రూని నూనె గుడ్డలో చుట్టి మంచం కిందికి తోశాడు. పిడిని గ్రీజు డబ్బా అడుగుకి దించాడు. ఆవిడ ఊర్నించి వచ్చి "ఎంతవరకు వచ్చింది?" అంటే, బెడ్ ఇంకా తిన్నగా రాలేదన్నాడు. అబద్ధం ఆడినందుకో ఏమో, మర్నాడు పొద్దున్నే నిజంగానే గీకడం మొదలుపెట్టాడు. అప్పట్నుంచి రోజూ గీకుతూనే ఉన్నాడు. అందరితో ప్రగల్భాలు పలికి ఉండకపోతే ఉద్యోగం చేసుకుంటూనే పిడి చేసిచ్చేవాడు. ఇప్పుడు పిడి బయటికొస్తే ఉద్యోగం పోవాలి. తన మాటే తన చుట్టూ గోడైంది.

భోజనాల వేళ పక్క మెషీను మనిషి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆయన్ని అందరూ రేడియో అంటారు. ఊళ్లో ఏ సంగతైనా ఆయన కడుపులో పూట కూడా నిలవదు. ఇంకొంచెంకి ఆయన స్నేహితుడెలా అయ్యాడో ఎవరికీ తెలియదు. ఒకరు మాట్లాడాలి, ఒకరు వినాలి కదా.

"ఏంటది, ఇంట్లోంచి చక్రం తెచ్చావ్?" అని రేడియో సంచిలో చేయి పెట్టి కాగితం విప్పాడు. "మూతా? ఓహో. చెల్లెమ్మ పంపిందా?"

"పిడి కావాలంది."

"దానికింత మొహం వేలాడేస్తావేం. ఇటివ్వు. టీ టైములో చేసి పడేస్తాను. ఐదు నిమిషాల పని."

ఆయన మూత లాక్కున్నాడు. రేడియో బిత్తరపోయి చూశాడు.

"వద్దు. అది నేనే చెయ్యాలి."

"ఎప్పుడు?"

ఆయన అన్నం కలుపుతూ తల దించుకున్నాడు.

"నామాట విను," అన్నాడు రేడియో, ఈసారి కాస్త మెల్లిగా. "నీ మెషీను సంగతి నేను అడగను. కానీ ఆ చెల్లెమ్మ చేతుల మీద మచ్చలు చూశావా? మొన్న మా ఇంటికొచ్చినప్పుడు మా ఆవిడ చూసింది."

ఆయన చూడలేదు. రోజూ ఎదురుగా కనపడేదాన్ని చూడటం ఎప్పుడు మానేశాడో గుర్తులేదు. డబ్బా మూసేశాడు. ఇవాళ చెప్పేస్తాను అనుకున్నాడు. ఇన్నేళ్లలో అలా చాలాసార్లు అనుకున్నాడు గానీ, అలా అనుకున్న వెంటనే లేచి నడవడం ఇదే మొదటిసారి.

ఫోర్‌మన్ గాజు గదిలో ఉన్నాడు. ఈయన తలుపు దగ్గర నిలబడ్డాడు. ఫోర్‌మన్ తలెత్తి "ఏంటి?" అన్నాడు.

రేపట్నుంచి రాను. రెండే మాటలు. దారిలో వాటిని నోట్లో తిప్పుకుంటూనే వచ్చాడు.

"నాలుగో స్టాపు కొంచెం వదులైందండీ."

"అయితే బిగించు."

"సరేనండీ" అని తల ఊపి, తిరిగొచ్చి, ఏమాత్రం వదులుకాని ఆ స్టాపుని స్పానర్‌తో బిగించాడు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. రేడియో చూసి "ఒంట్లో బాలేదా?" అన్నాడు. ఏం లేదన్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యంతోనే సైరన్ దాకా బుష్షులు తీశాడు. ఒక్కటీ పాడవలేదు. పాడవడానికి వీలులేదు.

ఇంటికి నడుస్తుంటే ఆలోచన వచ్చింది. నోటితో చెప్పడం ఎలాగూ తన వల్ల కాదు. పిడి బిగించి మూతని గిన్నె మీద పెట్టేస్తే సరి. ఆవిడ చూస్తుంది. చూస్తే అన్నీ అర్థమవుతాయి. మెషీను తిరిగిందనీ, గది కావాలనీ, రేపు ఫ్యాక్టరీ లేదనీ, తను ఇన్నాళ్లూ ఆడింది అబద్ధమనీ. తిట్టనీ. తిడితే బావమరిది ముందే పడతాడు. ఈ ఆలోచనకి ఆయన కాళ్లు త్వరపడ్డాయి. దారిలో రెండుసార్లు ఊపిరి అందక ఆగాల్సొచ్చింది.

ఇంటికి తాళం వేసి ఉంది. తమ్ముణ్ణి కలుసుకోవడానికి బస్సు దగ్గరికి వెళ్లి ఉంటుంది. తాళంచెవి ఎప్పటిలా కుండీ కింద దొరికింది. నేరుగా వెనక గదిలోకి వెళ్లి గ్రీజు డబ్బాలో చెయ్యి పెట్టాడు. పిడి అడుగున ఉంది. పైపై గ్రీజు మెత్తగానే ఉన్నా అడుగున గట్టిపడి మైనంలా అయింది. గుడ్డతో తుడిస్తే ఇత్తడి నిన్న చేసినట్టే మెరిసింది. గాడిలో ఇరుక్కున్న గ్రీజు మాత్రం రాలేదు. వంటింట్లోకి తెచ్చి, సంచిలోంచి మూత తీసి, దాని బెజ్జంలో పెట్టి తిప్పాడు. మర మరకి సరిగ్గా కూర్చుంది. పిడి పట్టుకుని మూతని గిన్నె మీద దించాడు, ఎత్తాడు, మళ్లీ దించాడు. అంత చిన్న విషయానికి ఆయనకి కళ్లు చెమర్చాయి.

వాళ్లు వచ్చేలోగా స్క్రూ కూడా ఎక్కించేద్దామనుకున్నాడు. మెషీను తిరుగుతుండగా వాళ్లు గుమ్మంలోకి రావాలి. మంచం కిందినుంచి నూనె గుడ్డ మూట లాగి, స్క్రూ బయటికి తీసి, సాడిల్‌లోని నట్టులోకి ఎక్కించాడు. రెండో కొసని బెడ్ పక్కనున్న పట్టులోకి దూర్చబోయాడు. దూరలేదు. వంగి చూశాడు. స్క్రూ కొస పట్టు బెజ్జానికి గోరు మందం కిందికి ఉంది.

చేతుల్ని బెడ్ మీద ఆనించి అలాగే నిలబడిపోయాడు. పొద్దున పూసిన నీలం ఇంకా ఆరలేదు, అరచేతులకి అంటుకుంది. సాడిల్ దిగిపోయింది. బెడ్‌ని గీకిన కొద్దీ దాని మీద కూర్చున్న సాడిల్ కిందికి దిగుతుంది. ఒక్కరోజు గీకుడుకి వెంట్రుకలో పదో వంతు కూడా దిగదు. ఆయన గీకింది ఒక్కరోజా? తిన్నగా ఉన్న బెడ్‌ని తిన్నగా లేదంటూ ఏళ్ల తరబడి గీకి, నిక్షేపంలాంటి మెషీనుని నిజంగానే తిరగకుండా చేసుకున్నాడు. ఈ తప్పు చెయ్యాలంటే పని బాగా తెలిసి ఉండాలి, తెలియనివాడి వల్ల కాదు.

కాసేపటికి ఆయనకి నవ్వొచ్చింది. ఎందుకంటే మందు కూడా వెంటనే తట్టింది. నట్టు కింద సన్నని రేకు ముక్క ఒకటి పెడితే అది గోరు మందం పైకి లేస్తుంది. అంతే. ఫ్యాక్టరీలో ఎవరైనా రేకు ముక్క పెట్టి పని కానిస్తే ఆయన మొహం చిట్లించుకునేవాడు. ఇవాళ మాత్రం మీనమేషాలు లెక్కపెట్టకుండా వంటింట్లోకి నడిచి, అరలోంచి ఖాళీ డబ్బా ఒకటి తీసుకున్నాడు. వస్తూ వస్తూ ఆగి, గిన్నె మీది మూత పిడిని నీలం చేత్తోనే మరోసారి బిగించాడు. "ఇంకొంచెం" అన్నాడు.

గదిలో స్టూలు మీద కూర్చుని కత్తెరతో రేకు కత్తిరించాడు. అంచులు నున్నగా ఆకురాయి పెట్టాడు. వీధిలో ఎవరో పిల్లల్ని లోపలికి పిలుస్తున్నారు. ఎడమ చెయ్యి మొద్దుబారినట్టుంది. కాస్త ఊపిరి తీసుకుని బిగిద్దాంలే అనుకుని, తల సాడిల్‌కి ఆనించాడు. ఇనుము చల్లగా, హాయిగా తగిలింది.

ఆవిడ తమ్ముడితో కలిసి వచ్చేసరికి వెనక గదిలో లైటు వెలుగుతోంది. తమ్ముడు "బావా" అని లోపలికి వెళ్లబోతే, "పడుకున్నట్టున్నారు, కాసేపు ఉండనీ. ఇవాళ్టికి ఆయన్ని అడగొద్దులే. గది ఎవరికి కావాలో వాళ్లకిచ్చెయ్" అంది. తమ్ముడు ముందు గదిలో కూర్చున్నాడు. ఆవిడ లైటు వెయ్యకుండా పొయ్యి వెలుగులోనే చిన్న గిన్నెలో టీ పెట్టి, గ్లాసు తీసుకెళ్లి, భుజం మీద చెయ్యి వేసింది. చెయ్యి వేసినప్పుడే తెలిసింది. గ్లాసుని జాగ్రత్తగా బెడ్ మీద పెట్టి, "తమ్ముడూ, ఒకసారి ఇటు రా" అని పిలిచింది. ఆయన వేళ్ల మధ్య రేకు ముక్క ఉంది. కుడిచెయ్యి కదలకుండా ఉండటం ఆవిడ చాలా ఏళ్ల తర్వాత చూసింది.

పరామర్శకి వచ్చిపోయేవాళ్లు తగ్గాక ఒకరోజు రేడియో వచ్చాడు. మెషీనుని ఏం చెయ్యాలో చూడమని తమ్ముడే పిలిచాడు. రేడియో దాని చుట్టూ పొట్ట పీల్చుకుని తిరిగాడు, వంగి చూశాడు, సాడిల్ మీద ఎవరో పెట్టి ఉంచిన రేకు ముక్కని నట్టు కిందికి తోసి బోల్టులు బిగించాడు. స్క్రూ పట్టులోకి వెళ్లి కూర్చుంది. స్విచ్ వేశాడు. మెషీను తిరిగింది. రేడియో చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

వెనక్కి తిరిగితే ఆవిడ గుమ్మంలో ఉంది. చేతిలో మూత.

"అన్నయ్యా, ఇది ఆ రోజు చేసిందేనంటారా?"

రేడియో వంగి దాన్ని దగ్గరగా చూశాడు. గాడిలో గట్టిపడిన పాత గ్రీజు కనిపించింది. ఎన్నేళ్ల గ్రీజో ఆయన చెప్పగలడు. కడుపులో ఏదీ దాచుకోలేని మనిషి గుటక మింగాడు.

"ఆ రోజుదేనమ్మా. సాయంత్రం వచ్చి చేసుంటాడు."

"అవును," అంది ఆవిడ. "అంతే అయ్యుంటుంది."

ఆవిడకీ తెలుసు. అక్కగారింటినుంచి వచ్చిన మర్నాడు వెనక గది ఊడుస్తుంటే మంచం కోడు పక్కన ఇత్తడి చుట్ట ఒకటి దొరికింది. ఏళ్లుగా ఆ గదిలో ఆవిడ ఊడ్చింది ఇనప రజనే. బంగారంలా మెరిసే చుట్ట అదొక్కటే. ఆ సాయంత్రం ఆయన పిడి తెచ్చి చేతిలో పెడతాడని ఎదురుచూసింది. మర్నాడు కూడా చూసింది. అడిగితే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడోనని అడగలేదు. ఆయన ఇంకొంచెం అంటే తను ఊఁ అంది. అలా ఇద్దరూ ఒకళ్లకొకళ్లు తెలియకుండా ఒకే అబద్ధాన్ని కాపాడుతూ వచ్చారు. చివరికి ఓపిక చచ్చి, మూతని సంచిలో పెట్టి పంపింది. పంపకుండా ఉండాల్సిందా అని ఆవిడ తనని తాను ఎన్నిసార్లు అడుక్కుందో లెక్కలేదు.

తమ్ముడి గదిలో ఇప్పుడు రేడియో పని చేసుకుంటున్నాడు. ఎవరికీ ఏ మాటా ఇవ్వకుండా, ఎవరితోనూ చెప్పకుండా, మర్నాడే ఫ్యాక్టరీ మానేసి మెషీనుని అక్కడికి తరలించాడు. వెనక గదిలో నేల మీద దాని కాళ్ల గుర్తులు నాలుగు మిగిలాయి. కిటికీ రెక్క తెరుచుకుంటోంది. దుప్పట్లకి ఇప్పుడు సబ్బు వాసనే వస్తోంది. ఆవిడకి మాత్రం నిద్ర పట్టడానికి చాలాసేపు పడుతోంది.

పొయ్యి మీద గిన్నె కుతకుతలాడుతుంటే ఆవిడ ఇప్పటికీ చెంచా కొసతో మూత అంచు లేపి, గుడ్డతో పట్టుకుని తీస్తుంది. పిడిని ముట్టుకోదు. తోమేటప్పుడు కూడా దాని చుట్టూరా తోముతుంది. ఆ ఇత్తడి బుడిపె మీద, బొటనవేలు ఆనినచోట, నీలం సన్నని గీతలు గీతలుగా ఇంకా అంటుకునే ఉంది.